బెంగపడితే విశ్వాసం లేనట్టేనా?

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. "వందనాలండీ, బాగున్నారా?" "ఆఁ, దేవుని కృప... బాగున్నామండీ!" "పిల్లలో?" "ప్రభువు దయవల్ల అందరూ క్షేమం!" అందరి నోటా ఇవే మాటలు. రాత్రంతా నిద్రపట్టక ఫ్యాను రెక్కల వంక చూస్తూ పడుకున్నావిడా ఇదే చెబుతుంది. పొద్దున్నే బాత్రూములో కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చినావిడా ఇదే చెబుతుంది. నేనైతే ఏడు నెలలపాటు చెప్పాను!

అదేమీ అబద్ధం కాదు. కృప ఉన్నమాట నిజమే, గుండెదడ ఉన్నమాటా నిజమే. కాకపోతే మొదటిది చెప్పుకోవడానికి గుళ్లో సాక్ష్యాల సమయం ఉంది. రెండోది చెప్పుకోవడానికి ఏ సమయమూ లేదు.

నీకొచ్చిన కష్టమేమిటమ్మా అంటారా? కష్టం వచ్చింది నాకు కాదు, మా వారికి. 2017లో ఆయనకు బైపాస్ ఆపరేషన్ అయింది. ఆ ఇరవై రోజులూ డబ్బు సర్దుబాటు చేసిందీ, రక్తం ఇచ్చేవాళ్లను వెతికిందీ, ఇంట్లో అత్తగారికి ధైర్యం చెప్పిందీ నేనే. "ఎంత గుండెనిబ్బరమో" అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆయన కోలుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి స్కూటరెక్కి ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు మొదలైంది నాకు!

రాత్రి రెండున్నరకి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. లేవగానే ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి ఆడుతోందని తెలిశాక గ్యాసు కట్టానో లేదోనని వంటింట్లోకి... మళ్లీ ఆయన దగ్గరికి. సాయంత్రం ఆయన పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, నా మనసు అంబులెన్సూ, ఐసీయూ, చివరికి సమాధుల తోట దాకా వెళ్లి వచ్చేసేది. పొద్దున్నే ఫోను మోగితే కడుపులో తిప్పేది. ఇడ్లీ నోట్లో పెట్టుకుంటే మింగుడు పడేది కాదు.

ఓ మధ్యాహ్నం మా స్కూలు స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. చేతులు తిమ్మిర్లెక్కాయి. ఒళ్లంతా చెమట. ఊపిరి అందడం లేదు. 'అయిపోయింది, పోతున్నాను' అనుకున్నాను. తోటి టీచర్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు. అంతా మామూలే! "ఏం లేదమ్మా, టెన్షన్. ఎక్కువ ఆలోచించకండి" అన్నాడు అక్కడి కుర్ర డాక్టరు.

ఈ 'ఏం లేదు' అన్నమాట ఉంది చూశారూ... అనుభవిస్తున్నవాళ్లకు అంతకంటే ఒంటరితనం తెచ్చే మాట ఇంకోటి లేదు. ఇక ఆలోచించవద్దన్న సలహా! ఆలోచనకి కుళాయికి ఉన్నట్టు పిడి ఉంటే ఎవరు మాత్రం కట్టేసుకోరు?

బెంగ మీద బెంగ

ఇంతవరకూ నా కథకీ, మీ పక్కింటావిడ కథకీ తేడా ఏమీ ఉండకపోవచ్చు. ఏ మతం వాళ్లకైనా ఆందోళన ఒకటే. అయితే మావాళ్లలో దీనికి ఇంకో అంతస్తు ఉంది.

సంగతి తెలిసినవాళ్లు ప్రేమగానే వచ్చారు, ప్రేమగానే సలహాలిచ్చారు. "ఇది శోధన వదినా, గట్టిగా ప్రార్థన చెయ్యి" అంది మా ఆడపడుచు. "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోమ్మా" అన్నారు ఓ పెద్దావిడ. ఇంకొకరు మూడు రోజుల ఉపవాసం పెట్టించారు. ఖాళీ కడుపుతో గుండెదడ ఇంకా పెరిగింది. ఆ పైన ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఓ ప్రసంగీకుడు చింతపడటం పాపమనీ, దేవుణ్ణి నమ్మనివాళ్లే చింతపడతారనీ మైకులో గంటసేపు చెప్పాడు. జనమంతా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆ రాత్రి నుంచి పాత భయానికి కొత్త భయం తోడైంది. భర్తకేమవుతుందోనన్న భయం మొదటిది. ఇంత భయపడుతున్నానంటే నాలో విశ్వాసమే లేదేమో, దేవుడికి నా మీద కోపం వచ్చిందేమో అన్నది రెండోది. మొదటిదానికి దేవుడి దగ్గరకు పరిగెత్తవచ్చు. రెండోది దేవుడి దగ్గరకు వెళ్లే దారికే అడ్డంగా కూర్చుంటుంది. ఆందోళనతో బాధపడే క్రైస్తవ స్త్రీలు నాకు తెలిసినవాళ్లే చాలామంది ఉన్నారు. అందరూ ఈ రెండోదాని దగ్గరే ఎక్కువ నలిగిపోయారు.

ఇంట్లో సమస్య వేరే. అప్పటికి పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. "పిచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లారట అని బయటకు పొక్కితే పిల్ల పెళ్లి ఏమవుతుంది?" అన్నారు మా అత్తగారు. ఆవిడ భయం ఆవిడది. మన ఊళ్లలో ఆ భయానికి ఆధారం లేదనీ అనలేను. షుగరున్న ఇంటి పిల్లను చేసుకుంటారు, బీపీ ఉన్న ఇంటి పిల్లను చేసుకుంటారు, నిద్రపట్టని తల్లి ఉన్న ఇల్లంటే మాత్రం ఆలోచిస్తారు!

పౌలుకూ తప్పలేదు

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు దేన్ని గురించీ చింతించవద్దని చెప్పిన మాట మనందరికీ కంఠతా వచ్చు. సండే స్కూల్లోనే నేర్పేస్తారు. ఆ మాట రాసినవాడు చెరసాల్లో ఉన్నాడన్నది కొందరికి గుర్తుంటుంది. రెండు అధ్యాయాలు వెనక్కి తిప్పితే ఏముందో ఎంతమంది చూశారు? ఎపఫ్రొదితు అనే సహవాసి జబ్బుచేసి చావు అంచుల దాకా వెళ్లాడు. అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదని పౌలే రాసుకున్నాడు. అతన్ని ఊరికి పంపేస్తే తన మనసులో భారం కాస్త తగ్గుతుందనీ రాశాడు. ఇది చింతించవద్దని చెప్పిన మనిషి రాసిందే, అదే ఉత్తరంలో!

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పదకొండో అధ్యాయం ఇంకా స్పష్టం. తిన్న కొరడా దెబ్బలు, మూడుసార్లు పగిలిన ఓడలు, ఆకలి, చలి అన్నీ వరసగా చెప్పి, ఇవిగాక సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తనను ఒత్తిడి చేస్తోందంటాడు. గ్రీకులో అక్కడ వాడిన మాటా, ఫిలిప్పీ పత్రికలో వద్దన్న మాటా ఒకే ధాతువులోంచి వచ్చినవే. మరి పౌలుని అల్పవిశ్వాసి అందామా?

ఏలీయా సంగతి చూడండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం వచ్చిన మర్నాడే ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో చెట్టు కింద కూలబడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. (పెద్ద గండం గడిచాకే కూలబడ్డాడు, గమనించారా? ఆపరేషను రోజుల్లో నిలబడి, తరవాత పడిపోయిన నాకు ఆ మనిషి ఎంత దగ్గరివాడనిపించాడో!) దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చెప్పలేదు. నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఓ కూజా నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడి స్వరం, సంభాషణ అన్నీ ఆ తరవాతే.

గెత్సేమనే తోటలో యేసుప్రభువు వేదనపడిన రాత్రి కూడా ముగ్గురు స్నేహితుల్ని దగ్గరుండి మెలకువగా ఉండమని అడిగాడు. ఆయనకే తోడు కావలసివస్తే మనమెంత?

ఇంతకీ పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునే చింత జబ్బు కాదు, అది తల్లితనం. నెలల తరబడి వదలకుండా, నిద్రనూ తిండినీ పనినీ చెడగొడుతూ, కారణం పోయినా తాను పోకుండా ఉండే ఆందోళన మాత్రం వైద్యం కావలసిన జబ్బు. పౌలు మాట మొదటి రకం చింతతో సతమతమయ్యేవాళ్లకు గొప్ప ఓదార్పు. రెండోరకం దానితో మంచం పట్టినవాళ్ల మీదకు అదే మాటని కర్రలా ఎత్తడం నాకు న్యాయంగా తోచదు.

ప్రార్థనా? పహరానా?

చివరికి మా అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలుస్తాం, ఓ సాయంత్రం పులిహోర డబ్బా పట్టుకుని వచ్చారు. వాక్యం తెరవలేదు. నేను తినేదాకా కూర్చుని, "రేపు నాతో డాక్టరు దగ్గరకు వస్తావా?" అన్నారు. తన తమ్ముడు ఇలాగే బాధపడి బాగయ్యాడట. మా అత్తగారితో కూడా ఆవిడే మాట్లాడారు. ఏం మాట్లాడారో ఇప్పటికీ నాకు తెలియదు!

మానసిక వైద్యురాలు ముందు రక్తపరీక్షలు రాసింది. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండెదడ వస్తుందట. నలభై అయిదు దాటిన ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయే రోజుల్లోనూ ఇలాంటివి కనిపిస్తాయట. అవేవీ కాదని తేలాక వివరంగా చెప్పింది. ప్రమాదం వచ్చినప్పుడు పారిపోవడానికో పోరాడటానికో ఒంటిని సిద్ధంచేసే ఏర్పాటు అందరిలోనూ ఉంటుంది. గుండె వేగం, చెమట, ఊపిరి అన్నీ దాని పనులే. దొంగ లేకపోయినా అది మోగుతూ ఉండటమే ఈ జబ్బు. నాకు స్టాఫ్ రూములో వచ్చినలాంటిది మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి, దానంతటదే దిగుతుంది, దానితో ప్రాణం పోదు అంది. ఈ ఒక్క మాటే నాకు సగం మందయింది. (అలాగని మొదటిసారి గుండెనొప్పి వస్తే 'ఆందోళనే'లే అని ఇంట్లో కూర్చోకండి. గుండె పరీక్ష చేయించుకోవాల్సిందే.)

తరవాత ఆవిడ ఓ ప్రశ్న అడిగింది. నేను ఊహించనిది. "మీరు ప్రార్థన చేశాక తేలికగా ఉంటోందా, ఇంకా భయంగా ఉంటోందా?"

ఆలోచించి చూస్తే, రాత్రిళ్లు నేను చేస్తున్నది ప్రార్థన కంటే పహరా ఎక్కువ. మా వారి పేరు చెప్పి ప్రార్థన చేసేదాన్ని. శ్రద్ధగా చేయలేదేమోనని మళ్లీ మొదటినుంచి చేసేదాన్ని. మధ్యలో వేరే ఆలోచన వస్తే లెక్కలోకి రాదని ఇంకోసారి. ఒక్కోరాత్రి ఇరవైసార్లు! నేను ప్రార్థన ఆపితే ఆయనకేదో అవుతుందన్నట్టు... గ్యాసు స్టవ్ దగ్గరికి మూడుసార్లు వెళ్లడానికీ, దీనికీ తేడా లేదు. సరిచూసుకున్నకొద్దీ అనుమానం బలుస్తుందట. డాక్టరమ్మ మా మతం కాదు. ప్రార్థన మానేయమనీ అనలేదు. "ఒక్కసారి చేసి, చేశానని నమ్మి పడుకోండి" అంది. ఏ ప్రసంగంలోనూ నాకంత సూటి మాట తగల్లేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. సాయంత్రం ఆరున్నరకి పావుగంట. ఓ నోటుపుస్తకం. ఆ రోజు భయపెట్టినవన్నీ దాన్లో రాసి, ఒక్కొక్కటీ చదివి దేవుడికి అప్పజెప్పి పుస్తకం మూసేయడం. రాత్రి రెండున్నరకి ఏదైనా గుర్తొస్తే 'రేపు ఆరున్నరకి నీ సంగతి' అనుకోవడం. డాక్టర్లు కూడా చింతకో వేళ కేటాయించమంటారు. నేను దాన్ని ప్రార్థన వేళతో కలిపేశానంతే! దడ వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా తీసుకుని, తీసుకున్నదాని కంటే ఎక్కువసేపు వదలాలి. ఆ వదిలేటప్పుడు కీర్తనల్లోని ఓ చిన్న మాట తలుచుకునేదాన్ని.

తప్పించుకు తిరిగినకొద్దీ భయం పెరుగుతుందని కూడా ఆవిడే చెప్పింది. గుళ్లో పాటల బృందంలో ముందు వరసలో నిలబడేదాన్ని, దడ వస్తుందని గుడికే మానేశాను. మొదటి ఆదివారం తలుపు పక్క బెంచీలో అరగంట. రెండో ఆదివారం ఆరాధన మొత్తం. నెల తరవాత మధ్య వరస. మళ్లీ పాడటానికి క్రిస్మస్ దాకా పట్టింది.

మందు మింగితే తప్పా?

మనోవ్యాధికి మందు లేదన్నది పాత సామెత. ఇప్పుడుంది! నాకు రోజుకో మాత్ర ఇచ్చారు. ఇలాంటి మాత్రలు వేసిన రోజే పనిచేయవు. రెండు మూడు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం, కాస్త చిరాకు ఉంటాయి. అప్పుడే చాలామంది మానేస్తారు. ఇవి అలవాటుపడే మందులు కావు గానీ, తగ్గింది కదాని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మనవాళ్లు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని ఏళ్ల తరబడి మింగే ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఉన్నాయే... అవీ అలవాటుపడేవి! తమాషా ఏమిటంటే వాటిని ఎవరూ తప్పనరు. డాక్టరు రాసిచ్చినదాన్నే విశ్వాసహీనత అంటారు.

మా గుంటూరులో ఆ మాట అనడం మరీ వింత. 1883లో ఇక్కడికి వచ్చిన లూథరన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం కట్టించిన ఆస్పత్రి 1898లో తెరిచారు. గుడి పక్కన ఆస్పత్రి కట్టినవాళ్ల సంతతి మనం! మనవాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లే రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు బాగాయంలో మానసిక వైద్య కేంద్రం 1950లలోనే వచ్చింది. రోగితోపాటు ఇంటివాళ్లు కూడా ఉండి వైద్యంలో పాలుపంచుకోవడం అక్కడి పద్ధతి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా!

విశ్వాసవీరుల్లో కూడా ఈ బాధ పడినవాళ్లున్నారు. మన ఇళ్లలో చదివే ధ్యానాల స్పర్జన్ సంగతే తీసుకోండి. 1856 అక్టోబరులో లండన్‌లోని ఓ సంగీతశాలలో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో నిప్పంటుకుందని అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకప్పుడు 22 ఏళ్లు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు. జీవితాంతం కుంగుబాటు వస్తూ పోతూ ఉండేది. అది దాచుకోకుండా తన బైబిలు విద్యార్థులకు ఉపన్యాసంగానే చెప్పాడు.

నా సంగతా? ఏడాదిన్నర వాడాక మందు ఆగింది. 2021లో కరోనా రెండో విడతలో మళ్లీ వచ్చింది. మళ్లీ వాడాను. ఈసారి రెండో బెంగ మాత్రం రాలేదు. పెద్దమ్మాయి పెళ్లి కూడా అయింది, వియ్యపురాలికి నేనే ముందుగా చెప్పాను. ఆవిడ మెల్లగా తన చెల్లెలి కథ చెప్పింది!

ఆందోళన రుగ్మతలు మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. 2015-16లో నిమ్‌హాన్స్ వారు చేసిన జాతీయ సర్వేలో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుకి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా చేయండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలి. పాలసీ కాగితాలు ఓసారి తీసి చూసుకోండి.

మా స్త్రీల సమాజంలో ఇప్పుడు ఓ చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ప్రార్థన వినతులు మైకులో పేరుతో చదవడం మానేశాం. వెనకటికి ఒకావిడ "ఫలానా సహోదరి మనసు బాగుండటం లేదు, ప్రార్థించండి" అని చదివితే, సాయంత్రానికి ఊరంతా పాకింది. పాపం ఆ పిల్ల మళ్లీ కూటానికి రాలేదు. ఇప్పుడు చీటీలు అమ్మగారి చేతికే వెళతాయి. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే ముందు క్యారియర్ వెళుతుంది, తరవాతే మనుషులు. సలహాలు ఇవ్వకూడదన్నది షరతు. అందరూ పాటిస్తారని చెప్పను గానీ...

మొన్న బుధవారం కూటం అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఒకమ్మాయి పక్కకు వచ్చి నిలబడింది. చంకలో పిల్లాడు. "ఆంటీ, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటారు?" అంది నేల చూపులు చూస్తూ. "మంగళవారం, శుక్రవారం. తొమ్మిదింటికల్లా చీటీ తీసుకోవాలి. పిల్లాణ్ణి మా ఇంట్లో వదిలెయ్, నేనూ వస్తాను" అన్నాను.